క్యారమ్ కాయిన్ పక్కకు తిరిగిపోతుంటే

ఇంట్లో అందరూ కూర్చుని ఆడేటప్పుడు తిన్నగా కొట్టిన కాయిన్ చివర్లో ఒకే వైపుకు వంపు తిరిగితే తప్పు చేతిది కాదు, బోర్డుది. నేను ముందు పౌడర్‌నే అనుమానించి ఇంకా ఇంకా చల్లాను. అది పొరపాటు. పౌడర్ గుట్టపడిన చోట కాయిన్ దాన్ని దున్నుకుంటూ వెళ్లి ఆగిపోతుంది.

మొదట బోర్డును పొడి గుడ్డతో పూర్తిగా తుడిచి, మధ్యలో ఒక గాజు గోలీ పెట్టండి. అది ఎటు దొర్లితే ఆ మూల కింద మడిచిన అట్టముక్క పెట్టాలి. గోలీ కదలకుండా నిలిచేదాకా ఒక్కో మడత చొప్పున పెంచుతూ పోండి. నాలుగు మూలల నుంచీ గోలీ మధ్యకే వస్తోందంటే ప్లైవుడ్ కుంగిందన్నమాట. అప్పుడు మూలల కింద ఎత్తు పెట్టి లాభం లేదు, మధ్యలో ఆనేలా స్టూలు వేయాలి.

తర్వాతే పౌడర్. రెండు చిటికెలు చాలు, అరచేత్తో పలచగా పరచాలి. బోరిక్ పౌడర్ అయితే ఆట అయ్యాక పిల్లల చేతులు తప్పకుండా కడిగించండి.

కాయిన్లు 19 (నలుపు 9, తెలుపు 9, ఎరుపు 1), వాటి అడుగునా జిడ్డు చూడండి. అంచు పెచ్చు లేచినది మార్చేయడమే మేలు. స్ట్రైకర్ 15 గ్రాములు మించకూడదు.

ఫ్రేమ్‌కు ఒకచోట తగిలి స్ట్రైకర్ చప్పగా వెనక్కి వస్తే, అక్కడి స్క్రూ వదులైందేమో చూసి బిగించండి.