కారుకి మెషిన్ పాలిష్ ఎన్నాళ్లకోసారి పట్టించాలి?

ఒంగోలు నుంచి చీమకుర్తి మీదుగా వారానికి నాలుగుసార్లు తిరిగే నల్లకారు మాది. గ్రానైట్ లారీల వెనక వెళ్లొస్తే చాలు, బానెట్ మీద బూడిద చల్లినట్టు దుమ్ము. దాన్ని పొడిగుడ్డతో తుడవడం, గీతలు పడటం, ఆర్నెల్లకోసారి పాలిష్ పట్టించడం. మూడేళ్లు ఇదే వరస. చివరికి బానెట్ అంచున అరచేయంత మేర మెరుపు పోయి తెల్లబారింది. క్లియర్ కోట్ అరిగిపోయిందట. మళ్లీ పెయింటు వేయించడం తప్ప దానికి మందు లేదు.

రంగు మీద అద్దంలా ఉండే పొరే క్లియర్ కోట్. మందం సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కన్నా సన్నం. ఎండను కాచుకునేది కూడా అదే. పాలిష్ గీతను పూడ్చదు, గీత లోతు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీస్తుంది. తేలిక పాలిష్‌కి ఒకటి రెండు మైక్రాన్లు, ముతక రకం పాలిష్ అయిన కాంపౌండ్‌కి అంతకు రెట్టింపు పైనే పోతాయి. వ్యాక్స్ పొర వేస్తుంది, పాలిష్ పొర తీస్తుంది. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు.

అందుకే నెలలు లెక్కపెట్టి పట్టించొద్దు, చూసి పట్టించండి.

ముందు షాంపూతో శుభ్రంగా కడిగి ఆరనివ్వండి. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి బానెట్ మీద నిమరండి. గరగరలాడితే షాంపూ నీళ్లు చల్లి, అతుక్కున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద అయిన క్లే బార్‌తో రుద్దితే చాలు, మెషిన్ అక్కర్లేదు. తర్వాత నీడలో ఫోన్ టార్చి వేయండి. సాలెగూడు లాంటి సన్నగీతలు వెలుగు చుట్టూ తిరుగుతూ కనిపిస్తే అప్పుడు తేలిక పాలిష్‌కి పని ఉంది. గోరు తట్టుకునేంత గీతయితే పాలిష్‌తో పోదు, ఆశపడొద్దు.

షాపులో పెయింటు మందం కొలిచే మీటరుంటే అడిగి కొలిపించండి. అన్ని పొరలూ కలిపి 100 నుంచి 150 మైక్రాన్లు మామూలే. 80కి దిగితే మెషిన్ ఆనించనివ్వకండి. డ్యూయల్ యాక్షన్ (తిరుగుతూ అటూఇటూ కూడా ఊగే) మెషిన్ ఉన్నచోటికే వెళ్లండి, ఒక్కచోటే గిర్రున తిరిగే రోటరీతో అంచులు ఇట్టే కాలిపోతాయి. అంచులకు టేపు వేయించి, ముందు రెండడుగుల మేర మెత్తటి ప్యాడ్‌తో చేయించి చూడండి. దాంతోనే మెరుపొస్తే కాంపౌండ్ జోలికి పోనక్కర్లేదు. రేకు వేడిగా ఉన్నప్పుడు మాత్రం వద్దే వద్దు. రోహిణి కార్తెలో అయితే తెల్లారే పెట్టించుకోండి.

నా లెక్కలో, ఎండలో నిలిచే నల్లకారుకి ఏడాదిన్నరకోసారి తేలిక పాలిష్ చాలు. షెడ్డులో ఉండే తెల్లకారుకి రెండుమూడేళ్లకోసారి. కాంపౌండ్ కారు జీవితంలో ఒకటి రెండుసార్లకు మించొద్దు. క్లియర్ కోట్ మీద రక్షణకు వేయించే సిరామిక్ కోటింగ్ ఉంటే పాలిష్‌తో అదీ పోతుంది.

పాలిష్ అయ్యాక వ్యాక్స్ పెట్టించి, రెండు మూడు నెలలకోసారి ఇంట్లోనే మళ్లీ పెట్టుకోండి. మైపాడు, కొత్తపట్నం బీచికి వెళ్లొస్తే ఆ రాత్రే మంచినీళ్లతో కడిగేయండి. గ్రానైట్ దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టకండి. ముందు పైపుతో నీళ్లు కొట్టి, దుమ్మంతా జారిపోయాకే చెయ్యి వేయండి.