వర్షం పడితే టెంపరేచర్ రీడింగ్ ఎందుకు పెరుగుతుంది?

జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీల్లో ఇన్‌స్ట్రుమెంట్ పని చేసేవాళ్లకు వానాకాలం నైట్ షిఫ్టులో వచ్చే ఫోన్ ఇది: "అన్నా, రియాక్టర్ 125 చూపిస్తోంది. స్టీమ్ వాల్వ్ మూసుకుపోయింది, కానీ లోపల అంత వేడి లేదు." పక్కనుంచి ఎవరో ట్రాన్స్‌మిటర్ (సెన్సర్ కొలిచిన వేడిని కరెంట్ సిగ్నల్‌గా మార్చి పంపేది) పోయిందంటారు. నేనైతే దాన్ని చివర్లో అనుమానిస్తాను.

పర్మిట్ తీసుకుని, కంట్రోల్ రూమ్‌కి చెప్పి లూప్‌ను, అంటే రీడింగ్ చూసి వాల్వ్‌ను తనే నడిపే కంట్రోల్‌ను, మాన్యువల్‌లో పెట్టించండి. ఇంటర్‌లాక్ (రీడింగ్ తేడా వస్తే ప్లాంట్‌ను ఆపేసే రక్షణ) ఉంటే అనుమతితో బైపాస్ చేయించండి. మీటర్ కోసం వైరు విప్పగానే కరెంట్ సున్నా అవుతుంది, ప్లాంట్ ట్రిప్ అయితే మాట పడేది మనమే.

సమస్య: ఫీల్డ్‌లో 100, స్క్రీన్ మీద 125

ట్రాన్స్‌మిటర్ పంపే సిగ్నల్ 4 నుంచి 20 మిల్లీయాంప్. రేంజ్ 0–200 డిగ్రీలు అయితే 100 డిగ్రీలకు మధ్యలో 12 మిల్లీయాంప్ రావాలి. ప్యానెల్ దగ్గర 14 వస్తోందంటే మిగతా 2 దారిలో కలుస్తోంది.

కారణం: చాలాసార్లు దారిలో వైర్లు కలిపే జంక్షన్ బాక్స్‌లో నీళ్లే. ప్లస్, మైనస్ టెర్మినల్స్ మధ్య తడి మీదుగా కారే కరెంట్ ట్రాన్స్‌మిటర్ కరెంట్‌కు తోడవుతుంది, రీడింగ్ పైకి పోతుంది. పోయిన ఏడాది నేను విప్పిన బాక్స్‌లో స్క్రూల చుట్టూ పచ్చటి చిలుము, అడుగున అర గ్లాసు నీళ్లు, అందులో చచ్చిన బల్లి.

పరిష్కారం: మంట అంటుకునే సాల్వెంట్ ఏరియాలో పవర్ తీయకుండా మూత విప్పకండి. ఆరబెట్టి, చిలుము పట్టిన టెర్మినల్స్, లగ్గులు మార్చండి. గ్లాండ్ (కేబుల్ బాక్స్‌లోకి దూరే చోట బిగించేది) బిగించి, గాస్కెట్ కొత్తది వేసి, ఖాళీ రంధ్రాలకు ప్లగ్ పెట్టండి. సిలికాన్ పూసి వదిలేస్తే మళ్లీ వానలకు మీకే ఫోన్. మెగ్గర్ (ఎక్కువ వోల్టేజ్‌తో ఇన్సులేషన్ చూసే మీటర్) వేయాలంటే ముందు రెండు చివరలా వైర్లు విప్పండి, లేకపోతే ట్రాన్స్‌మిటర్ నిజంగానే పోతుంది.

సమస్య: రీడింగ్ అడుగుకు పడిపోయింది

0 మిల్లీయాంప్ అయితే ఫ్యూజ్, లూజ్ వైరు చూడండి. 3.6 దగ్గర ఆగితే సెన్సర్ తెగి ఉండొచ్చు. సెట్టింగ్‌ను బట్టి కొన్ని 21 పైకి కూడా పోతాయి. పీటీ100 (వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే సెన్సర్) వైర్లు విప్పి కొలిస్తే 30 డిగ్రీల దగ్గర సుమారు 111.7 ఓమ్స్ రావాలి.

సమస్య: మోటార్ స్టార్ట్ చేసినప్పుడల్లా రీడింగ్ గెంతుతోంది

షీల్డ్‌ను (సిగ్నల్ కేబుల్‌లో వైర్ల చుట్టూ ఉండే లోహపు పొర) రెండు వైపులా ఎర్త్ చేసి ఉంటారు. ఫీల్డ్ వైపు విప్పి టేప్ చుట్టండి, ప్యానెల్ వైపు చాలు. మోటార్ డ్రైవ్ కేబుల్ అదే ట్రేలో ఉంటే దూరం జరపండి.

బల్లి దొరికిన చోట ఇప్పుడు కొత్త బాక్స్ పెట్టాం. కేబుల్స్ కింది నుంచి ఎక్కించి, గ్లాండ్ కింద కొంచెం వేలాడదీశాం. వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతున్నాయి.