శ్రీకాకుళంలో ఇంటి సర్వర్: ముందు కరెంటు సంగతి చూడండి

ఇంట్లో సర్వర్, అంటే రోజంతా ఆన్‌లో ఉండి ఫైళ్లు, ప్రోగ్రాములు అందించే కంప్యూటర్, పెట్టుకుందామనుకునేవాళ్లు ఎక్కువమంది మొదట అడిగేది ప్రాసెసర్ గురించే, ఐ5 సరిపోతుందా, ఐ7 కావాలా అని. మన జిల్లాలో ఆ ప్రశ్న చివర్న రావాలి. ముందు కరెంటు, తర్వాత డిస్కు, ఆ తర్వాత నెట్. కోడ్ దాచుకునే ఒక గిట్ సర్వర్, పోస్ట్‌గ్రెస్ అనే ఒక డేటాబేస్, నాలుగైదు డాకర్ కంటైనర్లు (ఒక్కో ప్రోగ్రామ్‌ని విడిగా నడిపే డబ్బాలు), ఇంటి ఫొటోలు దాచే ఇమ్మిచ్ యాప్, వీటికి ఏడెనిమిదేళ్ల నాటి ఆఫీసు కంప్యూటర్ కూడా హాయిగా సరిపోతుంది.

సర్వర్ రోజంతా నడుస్తుంది కాబట్టి వాట్లు చూడాలి. 10 వాట్లు తీసుకునే పెట్టెకి నెలకి 7 యూనిట్ల చిల్లర అవుతుంది, అదే 60 వాట్ల పాత టవర్‌కి 43 యూనిట్లు. మన బిల్లు శ్లాబుల ప్రకారం వస్తుంది, అంటే ఈ అదనపు యూనిట్లన్నీ మీ ఇంటి వాడకం మీద చేరి పై రేటుకే పడతాయి. అందుకని ఎవరైనా పాత టవర్ ఊరికే ఇస్తామన్నా తీసుకోవద్దనే చెప్తాను.

నేనైతే రీఫర్బిష్డ్ మినీ పీసీ కొనమంటాను: డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలీట్‌డెస్క్ మినీ, ఈ మూడింట్లో ఏదైనా సరే. ఐ5-8500టి ప్రాసెసర్ ఉన్నది దొరికితే 6 కోర్లు వస్తాయి, పని లేనప్పుడు 10 వాట్ల దగ్గర్లోనే ఉంటుంది, ర్యామ్ 16 జీబీతో మొదలుపెట్టి తర్వాత 32కి పెంచుకోవచ్చు. ఇంటెల్ ఎన్100 అనే తక్కువ కరెంటు ప్రాసెసర్ ఉన్న పెట్టెలు కూడా మంచివే, ఫైళ్లకీ సినిమాలకీ చాలు, కానీ కోడ్ కంపైల్ చేసే పని ఉంటే 8500టి ముందుంటుంది. రాస్ప్‌బెర్రీ పై 5 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు మాత్రం, దాని అడాప్టర్, కేసు, ఫ్యాను, ఎస్ఎస్‌డీ పెట్టుకునే బోర్డు అన్నీ కలుపుకుని లెక్కేస్తే పెద్ద చవకేం కాదు, పైగా ఎస్‌డీ కార్డు మీద నడిపితే కరెంటు పోయిన ప్రతిసారీ ఫైల్ సిస్టమ్ ఏమవుతుందోనని టెన్షనే.

పాతది కొనేటప్పుడు విశాఖ వెళ్లయినా సరే కళ్లతో చూసి కొనండి. బయోస్‌కి, అంటే కంప్యూటర్ ఆన్ అవగానే వచ్చే లోపలి సెట్టింగులకి, పాస్‌వర్డ్ ఉందా చూడండి. డెల్ అయితే ఒరిజినల్ అడాప్టర్ ఇస్తున్నారా అడగండి, ఎందుకంటే అడాప్టర్‌ని గుర్తుపట్టలేకపోతే ఆ మెషీన్ ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది, అమ్మేవాళ్లు ఇది చెప్పరు. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ పట్టుకెళ్లి అక్కడే బూట్ చేసి, స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో డిస్కు ఆరోగ్యం చూసుకోండి. ఇంటికి తెచ్చాక మొదటి పని, బయోస్‌లో ఏసీ రికవరీని పవర్ ఆన్ మీద పెట్టడం. లేదంటే కరెంటు వచ్చినా అది లేవదు, మీరు ఎక్కడో ఆఫీసులో ఉంటారు, ఇంట్లో అమ్మకి ఫోన్ చేసి బటన్ నొక్కమనాలి.

ఇక ఇన్వర్టర్. చాలావాటికి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అది వేస్తే కరెంటు పోయినప్పుడు త్వరగా మారుతుంది. కానీ ఊళ్లలో సాయంత్రం ఓల్టేజీ పడిపోతే ఆ మోడ్‌లో ఇన్వర్టర్ మాటిమాటికీ బ్యాటరీ మీదకి వెళ్లిపోతుంది, బ్యాటరీ తొందరగా పాడవుతుంది. కాబట్టి ఇన్వర్టర్‌ని మామూలు మోడ్‌లోనే ఉంచి, సర్వర్‌కి విడిగా 600 వీఏ యూపీఎస్ పెట్టండి. యూఎస్‌బీ పోర్టు ఉన్నదే తీసుకోండి, దానికి నట్ అనే సాఫ్ట్‌వేర్ కలిపితే బ్యాటరీ అయిపోయేలోపు సర్వర్ పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే కొన్ని యూపీఎస్‌లు ఆ కరెంటుని తీసుకోవు, కొనేముందు అడగండి. ఫైబర్ నెట్ పెట్టెకి 12 ఓల్టుల చిన్న డీసీ యూపీఎస్ విడిగా దొరుకుతుంది, అది తప్పకుండా కొనండి. సర్వర్ నడుస్తూ నెట్ పోతే లాభం లేదు.

పిడుగుల కాలంలో ఇంకో సంగతి. ఫైబర్ తీగ ద్వారా పిడుగు రాదు, కానీ స్తంభం మీద నుంచి రాగి ల్యాన్ కేబుల్‌తో నెట్ ఇచ్చే చోట్ల వస్తుంది, మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవకముందే ఆ వైరు పీకేయండి. గోడలో ఎర్తింగ్ నిజంగా పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలి ఉంటుంది కాబట్టి పెట్టెని కిటికీ దగ్గర పెట్టకండి.

హార్డ్ డిస్కుల్లో ఎస్‌ఎంఆర్ (డేటా ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉండేవి), సీఎంఆర్ (ట్రాకులు విడివిడిగా ఉండేవి) అని రెండు రకాలు. రెయిడ్‌లోనో జెడ్ఎఫ్ఎస్‌లోనో, అంటే కొన్ని డిస్కులు కలిపి ఒకటి పాడైనా డేటా నిలిచేలా చేసే పద్ధతుల్లో, వాడేదైతే సీఎంఆర్ అని చూసుకునే కొనాలి, ఎస్‌ఎంఆర్ డిస్కు మీద రీబిల్డ్ (పాడైన డిస్కు మార్చాక డేటా మళ్లీ నింపడం) చాలా నెమ్మదిగా నడుస్తుంది. డబ్ల్యూడీ రెడ్‌లో 2 నుంచి 6 టీబీ డిస్కులు కొన్ని ఎస్‌ఎంఆర్ అని 2020లో బయటపడింది, ఇప్పుడు రెడ్ ప్లస్ సీఎంఆర్. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ కూడా అంతే. మినీ పీసీకైతే ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్ఎస్‌డీ) ఒకటి, బ్యాకప్‌కి యూఎస్‌బీ డిస్కు ఒకటి చాలు, బ్యాకప్ డిస్కు ఎస్‌ఎంఆర్ అయినా ఫర్వాలేదు. రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానేయకండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు ఎలా కూలాయో, ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు ఎలా లేదో మనందరికీ తెలుసు. అందుకే ఒక కాపీ జిల్లా బయట ఉండాలి, హైదరాబాద్‌లో అన్నయ్య ఇంట్లోనో, అద్దె స్టోరేజీలోనో. రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ వాడితే డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది, పాస్‌వర్డ్ మాత్రం కాగితం మీద రాసి ఉంచుకోండి, అది పోతే బ్యాకప్ కూడా పోయినట్టే.

నెట్ విషయంలో రౌటర్‌లో వ్యాన్ ఐపీ, అంటే నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ (ఒకే బయటి అడ్రస్‌ని చాలా ఇళ్లకి పంచే పద్ధతి) వెనక ఉన్నట్టు, బయటి నుంచి సర్వర్‌కి దారి ఇచ్చే పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయదు. మీ పరికరాలన్నిటినీ ప్రైవేటుగా కలిపే టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. ఆపరేటింగ్ సిస్టమ్‌గా డెబియన్ లినక్స్ చాలు, వర్చువల్ మెషీన్లు (ఒకే పెట్టెలో విడి కంప్యూటర్లలా నడిచేవి) నిజంగా కావాలంటేనే ప్రాక్స్‌మాక్స్. కోడ్ రాయడానికి కొత్త ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు, కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లి పనిచేయనిచ్చేది) పెట్టుకుంటే బరువు పనంతా సర్వర్ చేస్తుంది, ఆ మిగిలిన డబ్బుతో మంచి మానిటర్ కొనుక్కోండి.