ఓఎస్‌పీఎఫ్ పనిచేస్తోందా? కేబుల్ పీకి చూడండి

ఓఎస్‌పీఎఫ్ అంటే రౌటర్లు తమలో తాము దారులు చెప్పుకుని, ఒకటి తెగితే ఇంకోటి పట్టే పద్ధతి. అమీర్‌పేట ల్యాబ్‌కి కొత్తగా వచ్చేవాళ్లను ముందు మూడు రౌటర్లను త్రిభుజంలా కలపమంటాను. రెండే ఉంటే, తెగినప్పుడు వేరే దారేది?

ప్రతి రౌటర్‌కీ వేర్వేరు రౌటర్ ఐడీ మీరే ఇవ్వండి. 'రౌటర్ ఓఎస్‌పీఎఫ్ 1' కింద నెట్‌వర్క్‌లను ఏరియా 0లో (ఓఎస్‌పీఎఫ్‌లో ప్రధాన భాగం) చేర్చండి. సిస్కో ఇక్కడ అడిగేది వైల్డ్‌కార్డ్ మాస్క్, అంటే సబ్‌నెట్ మాస్క్‌ని తిరగేసింది; /24కి 0.0.0.255. పీసీలున్న పోర్టులను పాసివ్ చేసేయండి; రౌటర్లు ఒకదాన్నొకటి పలకరించుకునే హలో సందేశాలు అటు పోవు.

'షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్' కొట్టండి. ఫుల్ అని వస్తే సరే, రెండూ సమాచారం పూర్తిగా పంచుకున్నట్టే. నైబరే కనబడకపోతే ఏరియా, సబ్‌నెట్ మాస్క్, హలో టైమర్ (ఎంతసేపటికోసారి హలో పంపాలో చెప్పేది) రెండువైపులా ఒకటేనా చూడండి. ఫుల్‌కి ముందు దశ ఎక్స్‌స్టార్ట్ దగ్గరే ఆగిపోతే నా అనుమానం ముందు ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) మీదికే పోతుంది. ఒకవైపు 1500, ఇంకోవైపు 1400 ఉంటే కదలదు.

చాలామంది ఇక్కడితో లేచి ఇరానీ చాయ్‌కి పోతారు. అసలు పరీక్ష ఇప్పుడే. పింగ్ ఆపకుండా నడుపుతూ కేబుల్ పీకండి; కాసేపట్లోనే మళ్లీ అందుకుంటుంది. తర్వాత రెండు రౌటర్ల మధ్య రెండు స్విచ్‌లు పెట్టి, ఆ స్విచ్‌ల మధ్య కేబుల్ పీకండి. రౌటర్ పోర్టులు అప్‌లోనే ఉంటాయి. డెడ్ టైమర్ (అంతసేపు హలో రాకపోతే పొరుగు రౌటర్ పోయిందనుకుంటుంది) 40 సెకన్లు ముగిసేదాకా పింగ్‌కి జవాబు రాదు. అంతసేపు ఆగలేని చోట టైమర్లు రెండువైపులా తగ్గించండి. నన్నడిగితే, దారి తెగిన సంగతి చాలా త్వరగా పట్టేసే బీఎఫ్‌డీ ప్రోటోకాలే మేలు.