తాత చనిపోయిన తేదీ ఎలా వెతకాలి? తద్దినం తిథి నుంచి రిజిస్టరు దాకా

వంశవృక్షం రాద్దామని కూర్చున్నవాళ్లు చాలామంది ముందుగా ఇంటర్నెట్‌లో తాత పేరు కొడతారు. ఏమీ రాకపోతే అక్కడితో వదిలేస్తారు. మన నెల్లూరు, ప్రకాశం వైపు ఈ వెతుకులాట ఇంట్లోనే మొదలవ్వాలి.

ముందు తిథి పట్టుకోండి. మా తాత తద్దినం కార్తీక బహుళ ఏకాదశి అని మా మేనత్త తడుముకోకుండా చెప్పింది. ఏ ఏడని అడిగితే ‘ప్లవ’ అంది. ప్లవ అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1901, 1961, 2021. మా నాన్న వయసుతో సరిచూస్తే 1961 అని తేలింది. ఆ ఏడు దీపావళి నవంబరు 7. అక్కణ్ణుంచి లెక్కేస్తే డిసెంబరు మొదటి వారం. చూశారా, ఒక్క కాగితమైనా ముట్టకుండానే వారం దాకా వచ్చేశాం! తద్దినాలు లేని ఇళ్లలో సమాధి మీద రాతను, చర్చిలో ఉండే భూస్థాపన పుస్తకాన్ని చూడండి.

రెండోది, ఆ ఏడు మీ ఊరు ఏ జిల్లాలో ఉందో తేల్చుకోవడం. ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో, తర్వాత గుంటూరు జిల్లాలో ఉంది. 1970లో కొత్త జిల్లాకు కేంద్రమైంది. ఆ జిల్లాకు ప్రకాశం పేరు 1972లో వచ్చింది. కందుకూరు 1970లో నెల్లూరు నుంచి విడిపోయి, 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరులోకే వచ్చింది. మార్కాపురం, గిద్దలూరు 1970కి ముందు కర్నూలువి. పాత రికార్డులో జిల్లా పేరు ఇప్పటిది ఉండదు.

ఇక ఆఫీసు. పల్లె అయితే పంచాయతీ కార్యదర్శిని, పట్టణమైతే మునిసిపాలిటీ వాళ్లను అడగండి. పాత రోజుల్లో మునసబులు (అప్పటి గ్రామాధికారులు) రాసిన పుస్తకాల కోసం తహసీల్దారు ఆఫీసు రికార్డు రూములో వాకబు చేయాలి. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం రిజిస్టరు వెతికించి నకలు తీసుకునే హక్కు ఎవరికైనా ఉంది. నకలులో చావుకు కారణం మాత్రం ఇవ్వరు. వెతికే రుసుము ఏడాదికింత చొప్పున పడుతుంది కాబట్టి తిథితో ఏడు తేల్చుకుని వెళ్లడం ఖర్చుకూ మంచిదే. అవ్వల పేర్లు దొరక్కపోతే భర్త పేరుతో చూడమనండి.

రిజిస్టరు లేదంటే పొలం కాగితాలు ఉన్నాయి. పట్టా తాత పేరు మీద నుంచి కొడుకుల పేరుకు ఏ ఫసలీలో (రెవెన్యూ లెక్కల ఏడాదిలో) మారిందో చూడండి. ఇంగ్లీషు ఏడు కావాలంటే ఫసలీకి 590 కలపాలి. 1371 అంటే 1961 జూలై నుంచి 1962 జూన్ వరకు.

ఆన్‌లైన్ చివర్లో. వంశవృక్షాల వెబ్‌సైటు ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితంగా ఖాతా తెరిచి వెతకొచ్చు. వెంకయ్య, సుబ్బయ్య లాంటి పేర్లను ఇంగ్లీషులో ఎన్నో రకాలుగా రాశారు. అనుమానమున్న అక్షరాల చోట నక్షత్రం గుర్తు పెట్టండి. ఇంటిపేరుతో ఒకసారి, అది లేకుండా ఇంకోసారి వెతకండి. ప్రపంచ యుద్ధాల్లో సైన్యానికి వెళ్లి తిరిగిరాని వాళ్లుంటే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా తప్పక చూడండి. చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి.

దొరికిన ప్రతి నమోదుకూ పుస్తకం, పేజీ నంబర్లు రాసుకోండి. వెతికినా దొరకని ఏళ్లు కూడా రాసి పెట్టుకుంటే, రేపు మీ పిల్లలు అవే పుస్తకాలు మళ్లీ తిరగెయ్యాల్సిన పని ఉండదు.