వేసవి బేస్‌బాల్ జట్టు చరిత్ర రాయడం ఎలా: ఫెయిర్‌బ్యాంక్స్ గోల్డ్‌ప్యానర్స్ ఉదాహరణగా

అమెరికాలో కాలేజీ కుర్రాళ్లు సెలవుల్లో ఆడే వేసవి జట్టుకు చరిత్ర రాయడం మామూలు క్లబ్బుకు రాసినట్టు ఉండదు. జూన్‌లో పాతిక ముప్పై మంది ఆటగాళ్లు వేర్వేరు రాష్ట్రాల నుంచి ఊళ్లోకి దిగుతారు. ఆతిథ్యమిచ్చే ఇళ్లలో ఉంటారు, నలభై యాభై ఆటలు ఆడతారు, ఆగస్టు నడిమికల్లా వెళ్లిపోతారు. మరుసటి ఏడాది వాళ్లలో కొద్దిమందే తిరిగొస్తారు. కాలేజీలో ఆడే అర్హత పోకూడదు కాబట్టి ఆటకు జీతం తీసుకోరు, అందుకే జీతాల పద్దులూ ఒప్పందాలూ దొరకవు. ఆటగాళ్ల జాబితానే వెన్నెముక అనుకుని మొదలుపెడితే పుస్తకం పేర్ల పట్టికగా మిగులుతుంది. ఏటా మారకుండా నిలిచేవి మైదానం, నిర్వాహకులు, ఊళ్లోని ఆతిథ్య కుటుంబాలు, ఏటా జరిగే ఒకటి రెండు పెద్ద ఆటలు. కథను వీటి చుట్టూ అల్లాలి. పెద్ద పేర్లు ఎన్ని ఉన్నా వాటి తర్వాతే.

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ గోల్డ్‌ప్యానర్స్ జట్టును ఉదాహరణగా తీసుకుందాం. ఇలాంటి పనిలో ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఈ ఒక్క జట్టు చరిత్రలోనే కనిపిస్తాయి.

ముందు పుట్టుక తేల్చండి

ఫెయిర్‌బ్యాంక్స్‌లో జూన్ 21 రాత్రి దీపాలు వెలిగించకుండా వేసవి సూర్యుడి వెలుతురులోనే ఆడే మిడ్‌నైట్ సన్ ఆట 1906 నుంచి జరుగుతోంది. గోల్డ్‌ప్యానర్స్ దాన్ని చేపట్టింది 1960లో. అంతకుముందు ఆడినవి ఊరి జట్లు. ఈ రెండు తేదీలను కలిపేసి "1906 నాటి జట్టు" అని రాస్తే మొదటి పేజీలోనే తప్పు పడుతుంది. ఆట వయసు వేరు, జట్టు వయసు వేరు. రెండు కాలరేఖలు గీసుకుని, అవి ఏ ఏడాది కలిశాయో గుర్తు పెట్టుకోండి. ఆట వరుస సంఖ్యలను సరిచూడటం తేలిక. వరుస సంఖ్యకు 1905 కలిపితే ఏడాది రావాలి. నూరో ఆట 2005లో జరిగింది, లెక్క సరిపోతుంది. ఏ కరపత్రంలోనైనా ఈ లెక్క తప్పితే ఎవరో ఒక ఏడాదిని మింగేశారనో, రెండుసార్లు లెక్కపెట్టారనో అర్థం.

"కాలేజీ జట్టు" అయింది ఎప్పటినుంచి అన్నది మరో ప్రశ్న. మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ లీగ్ 1923లో మొదలైంది. అమెరికా కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ గుర్తింపుతో నేటి కాలేజీ లీగ్ రూపానికి వచ్చింది మాత్రం 1963లో. మధ్య నలభై ఏళ్లలో ఊరి పనివాళ్లు, టీచర్లు, కొంత డబ్బు తీసుకునేవాళ్లు కూడా కలిసి ఆడారు. మీ జట్టుకూ ఇలాంటి గీత ఒకటి ఉంటుంది. అది ఎక్కడుందో తేల్చకుండా రికార్డులన్నీ ఒకే పట్టికలో పోయకండి.

పేరు మారిన సంవత్సరాలు కూడా ఇక్కడే రాసుకోవాలి. మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి వృత్తి బేస్‌బాల్) జట్ల పేర్లు వాడుకునే వేసవి జట్లు లైసెన్సు ఉన్న అమ్మకందారుల దగ్గరే యూనిఫారాలు కొనాలని 2008లో ఒత్తిడి వచ్చింది. ఆ తర్వాతే కేప్ కాడ్ లీగ్‌లోని చాటమ్ ఏస్ కాస్తా చాటమ్ యాంగ్లర్స్ అయింది, ఆర్లీన్స్ కార్డినల్స్ ఫైర్‌బర్డ్స్ అయింది. పాత పేరుతోనూ కొత్త పేరుతోనూ విడివిడిగా వెతకకపోతే సగం వార్తలు మీ కంటపడవు.

కాగితాలు ఎక్కడ

మొదటి ఆధారం స్థానిక పత్రిక. ఫెయిర్‌బ్యాంక్స్‌కు అది డైలీ న్యూస్-మైనర్. అలాస్కా విశ్వవిద్యాలయంలోని రాస్ముసన్ గ్రంథాలయంలో అలాస్కా, ధ్రువప్రాంతాల విభాగం ఉంది. అక్కడి అధికారికి మీకు కావలసిన సంవత్సరాలు, నెలలు స్పష్టంగా రాసి పంపండి. "జట్టు గురించి ఏమైనా ఉందా" అని అడిగితే జవాబు కూడా అలాగే వస్తుంది. 1906 నాటి తొలి ఆటల కోసం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి ఉచిత పాత పత్రికల భాండాగారం, క్రానిక్లింగ్ అమెరికాలో అలాస్కా పత్రికలు వెతకవచ్చు. అక్షరాలను యంత్రం చదివినప్పుడు ఇంటిపేర్లు పాడవుతాయి కాబట్టి పేరుతో కాకుండా తేదీతో వెతికి పేజీ తిరగేయడమే నమ్మదగిన పద్ధతి. మైక్రోఫిల్మ్ రీళ్లను చాలా గ్రంథాలయాలు ఒకదాని నుంచి మరొకటి అరువు తెప్పిస్తాయి.

రెండో ఆధారం ప్రత్యర్థి ఊరి పత్రిక. దీన్ని చాలామంది వదిలేస్తారు. ఓడిన రోజు సొంత ఊరి పత్రిక నాలుగు లైన్లు రాస్తే, గెలిచిన ఊరి పత్రిక బాక్స్ స్కోర్ (ఆటగాళ్లవారీ అంకెల పట్టిక) మొత్తం వేస్తుంది. గోల్డ్‌ప్యానర్స్ విషయంలో ఆంకరేజ్ పత్రికలు ఒకటి, ఎన్‌బీసీ (నేషనల్ బేస్‌బాల్ కాంగ్రెస్) టోర్నమెంట్ జరుగుతూ వచ్చిన కాన్సస్‌లోని విచిటా పత్రికలు ఇంకొకటి. అయితే విచిటా వాళ్లకు "అలాస్కా జట్టు" అంటే ఎవరైనా కావచ్చు. అక్కడ గోల్డ్‌ప్యానర్స్ గెలిచినవి 1972, 1973, 1974, 1976, 1980, 2002. ఆంకరేజ్ గ్లేసియర్ పైలట్స్ 1969లోనూ 1971లోనూ గెలిచింది. శీర్షిక చూసి టైటిల్ లెక్కపెట్టకండి. లోపల ఊరి పేరు ఉందో లేదో చూడండి.

స్కాన్ చేసేటప్పుడు పత్రిక ముక్కలకు 400 డీపీఐ, ఫొటోలకు 600 చాలు. అసలు ప్రతిని టిఫ్‌గా దాచి, చదువుకోవడానికి చిన్న ప్రతి చేసుకోండి. ఫైలు పేరు ఏడాది, నెల, రోజు, ప్రత్యర్థి, పత్రిక వరుసలో ఉండాలి. అలా పెడితే వందల ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో కూర్చుంటాయి. ఫొటో వెనకవైపు కూడా స్కాన్ చేయండి. పేర్లు, తేదీ సాధారణంగా ఉండేది అక్కడే.

పాత స్కోరు పుస్తకాలు అటకల మీదో, నేలమాళిగల్లోనో ఉంటాయి. ఫెయిర్‌బ్యాంక్స్‌లో 1967 ఆగస్టులో చేనా నది పొంగి ఊరు మునిగింది. మీ ఊళ్లోనూ అలాంటి వరద ఏదైనా వచ్చిందేమో ముందే కనుక్కుంటే, ఏ సంవత్సరాల కాగితాలకు పత్రిక మీదే ఆధారపడాలో తెలిసిపోతుంది.

తేదీలు, గడియారం

మిడ్‌నైట్ సన్ ఆట రాత్రి పది ప్రాంతంలో మొదలై అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది. అంటే జూన్ 21న మొదలైన ఆటకు చివరి పరుగు జూన్ 22న పడుతుంది. వార్త ఆ రోజునో మర్నాడో వస్తుంది. పత్రిక తేదీని ఆట తేదీగా రాసుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. పట్టికలో "ఆట మొదలైన తేదీ", "పత్రిక తేదీ" అని రెండు గడులు పెట్టుకోండి. ఆ పత్రిక అప్పట్లో ఉదయం వచ్చేదా, సాయంత్రం వచ్చేదా అన్నది కూడా ఒక్కసారి తేల్చుకోండి.

గడియారంలో ఇంకో మెలిక ఉంది. ఇప్పుడు ఫెయిర్‌బ్యాంక్స్‌లో జూన్ 21 నాటి సూర్యుడు రాత్రి 12:47 ప్రాంతంలో అస్తమించి, మూడు కావస్తుండగా మళ్లీ ఉదయిస్తాడు. 1983 అక్టోబరులో అలాస్కా కాలమండలాలను మార్చినప్పుడు ఈ ఊరి సమయం గంట ముందుకు జరిగింది. కాబట్టి 1970లలో అదే అస్తమయం గడియారంలో 11:47కు పడేది. పాత వార్తలో "వెలుతురు తగ్గింది" అని ఉంటే నేటి సమయంతో పోల్చి విలేకరిని తప్పుపట్టకండి.

బాక్స్ స్కోర్‌ను సరిచూడటం

క్రికెట్ స్కోరు రాసే అలవాటున్నవాళ్లకు ఇది తేలిగ్గా పట్టుబడుతుంది. బ్యాటర్ల పరుగులకు ఎక్స్‌ట్రాలు కలిపి మొత్తం సరిచూసినట్టే బేస్‌బాల్‌కూ ఒక సమీకరణం ఉంది. ఒక జట్టు ఎట్ బ్యాట్లు (ఇక్కడ చెప్పిన మిగతావి కాకుండా లెక్కకు వచ్చే బ్యాటింగ్ వంతులు), వాకులు (నాలుగు చెడ్డ బంతులకు ఊరికే బేస్ దక్కినవి), బంతి తగిలి బేస్‌కు వెళ్లినవి, శాక్రిఫైస్‌లు (తాను ఔటై తోటి ఆటగాణ్ని ముందుకు పంపినవి), క్యాచర్ అడ్డువల్ల వచ్చినవి కలపండి. ఆ మొత్తం ఆ జట్టు పరుగులు, బేస్‌ల మీద మిగిలిపోయినవాళ్లు, ప్రత్యర్థి పుటౌట్ల (తీసిన ఔట్ల) మొత్తానికి సమానం కావాలి. ఉదాహరణకు 33 ఎట్ బ్యాట్లు, 4 వాకులు, 1 బంతి తగిలినది, 1 శాక్రిఫైస్ కలిపి 39. అటువైపు 5 పరుగులు, 7 మంది మిగిలినవాళ్లు, 27 పుటౌట్లు (తొమ్మిది ఇన్నింగ్స్‌లో మూడేసి), అదీ 39.

తేడా వస్తే ముందు చిన్న అక్షరాల సారాంశం చూడండి. పాత పత్రికల్లో వాకులు, శాక్రిఫైస్‌లు పట్టికలో ఉండవు, కింద పిచర్ల వరుసలో ఉంటాయి. సొంత మైదానంలో ఆడే జట్టు ఆధిక్యంలో ఉండి తొమ్మిదో ఇన్నింగ్స్ ఆడకపోతే ఆ జట్టు లెక్కలో 27 బదులు 24 పెట్టాలి. ఒకేరోజు రెండు ఆటలున్నప్పుడు చాలాసార్లు ఏడు ఇన్నింగ్స్‌లే ఆడతారు, అప్పుడు 21. ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే అంకెలను సర్దకండి. "సరిపోలేదు" అని పక్కన రాసి వదిలేయండి. సర్దిన అంకె ఒక్కసారి ముద్రణలోకి ఎక్కితే మళ్లీ ఎవరూ దాన్ని అనుమానించరు.

పిచర్ల ఇన్నింగ్స్‌ను దశాంశంగా దాచడం మరో సాధారణ తప్పు. 6.2 అంటే ఆరు ఇన్నింగ్స్, మరో రెండు ఔట్లు, మొత్తం 20 ఔట్లు. పట్టికలో ఔట్లే రాసుకోండి. ఎర్న్‌డ్ రన్ యావరేజ్ (ఫీల్డింగ్ తప్పులవల్ల వచ్చినవి కాకుండా తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఇచ్చిన పరుగుల సగటు) కావాలంటే ఎర్న్‌డ్ రన్లను 27తో గుణించి ఔట్లతో భాగించాలి. ఈ 20 ఔట్లలో 3 ఎర్న్‌డ్ రన్లకు 4.05 వస్తుంది. 6.2ను ఉన్నదున్నట్టు వాడితే 4.35 వస్తుంది, అది తప్పు. సేవ్ (జట్టు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన పిచర్‌కు ఇచ్చేది) అనే లెక్క అధికారికంగా 1969లో వచ్చింది. అంతకుముందు సంవత్సరాలకు ఆ గడి ఖాళీగా ఉంచండి, సున్నా వేయకండి. ఖాళీకీ సున్నాకీ అర్థం వేరు.

బ్యాటింగ్ సగటులను కాలాల మధ్య పోల్చేముందు బ్యాటు ఏదో చూడండి. కేప్ కాడ్‌లో 1985లో మళ్లీ చెక్క బ్యాటుకు వచ్చారు. అంతకుముందు కొన్నేళ్లు లోహపు బ్యాటే. 1967లో చాటమ్ తరఫున థర్మన్ మన్సన్ కొట్టిన .420 సగటు చెక్క కాలం నాటిది. మీ లీగ్‌లో మార్పు ఎప్పుడు జరిగిందో తేలేదాకా "ఆల్‌టైమ్ రికార్డు" అనే మాట వాడకండి.

ఆటగాళ్ల జాబితా

ప్రతి ఆటగాడికీ ఏడాదికి ఒక వరుస ఇవ్వండి. పేరు, స్థానం, చేతివాటం, ఆ వసంతంలో ఆడిన కాలేజీ, ఆ శరత్తులో చేరిన కాలేజీ, మొదటి ఆట తేదీ, చివరి ఆట తేదీ, ఆధారం. కాలేజీకి రెండు గడులు ఎందుకంటే తర్వాత మేజర్ లీగ్‌లో పేరు తెచ్చుకున్న పిచర్ టామ్ సీవర్‌ను చూడండి. 1964 వేసవిలో ఫెయిర్‌బ్యాంక్స్‌కు వచ్చేనాటికి ఫ్రెస్నో సిటీ కాలేజీలో ఆడి ఉన్నాడు, ఆ తర్వాత సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. ఒక్క గడే ఉంటే రెండింటిలో ఏది రాసినా సగమే నిజం. 1965లో అతను మళ్లీ వచ్చాడు, అది వేరే వరుస.

జట్లు మే నెలలో ప్రకటించే జాబితాను నమ్మకండి. గాయం, డ్రాఫ్ట్ (వృత్తి జట్ల ఎంపిక), వేసవి తరగతులు, కారణం ఏదైనా కొందరు రానే రారు. కానీ వాళ్లు పేరు తెచ్చుకున్నాక "మా జట్టులో ఆడాడు" అనే మాట ఊళ్లో మిగిలిపోతుంది. కనీసం ఒక బాక్స్ స్కోర్‌లో పేరు దొరికితేనే ఆడినట్టు. 1971, 1972లలో డేవ్ విన్‌ఫీల్డ్, 1983లో బ్యారీ బాండ్స్ ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఆడినవాళ్లే. అంత తెలిసిన పేర్లకూ ఇదే నియమం పాటించండి. "స్మిత్, ఆర్‌ఎఫ్" (రైట్ ఫీల్డర్) లాంటి వరుసలు వచ్చినప్పుడు అదే వారం వార్తల్లో మొదటి పేరు వెతకాలి. దొరక్కపోతే ఇంటిపేరుతోనే వదలాలి.

మైదానం, మనుషులు

గ్రౌడన్ మెమోరియల్ పార్క్‌కు ఆ పేరు జేమ్స్ గ్రౌడన్ వల్ల వచ్చింది. 1964 మార్చి 27 భూకంపం వెంట వచ్చిన సునామీలో వాల్డెజ్‌లో ఆయన, ఆయన ఇద్దరు కొడుకులు చనిపోయారు. మైదానం పేరు వెనుక ఇలాంటి కథ ఉంటే అది రెండు వాక్యాల్లో తేల్చేసేది కాదు. దానికి ఒక అధ్యాయం ఇవ్వండి. జట్టును కట్టిన రెడ్ బౌచర్ తర్వాత ఊరి మేయర్ అయ్యాడు, రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ కూడా అయ్యాడు. అలాంటి నిర్వాహకుడి కాగితాలు ఆట విభాగంలో కాకుండా ప్రభుత్వ దస్త్రాల్లో దొరికే అవకాశం ఎక్కువ.

ఆతిథ్య కుటుంబాలను అరవై నుంచి తొంభై నిమిషాలు మాట్లాడించండి, అంతకు మించితే వాళ్లు అలసిపోతారు. గంట రికార్డింగును కాగితం మీద పెట్టడానికి నాలుగైదు గంటలు పడుతుందని ముందే లెక్కేసుకోండి. ఏడాది అడిగితే తప్పు చెబుతారు. "అప్పుడు మీ పెద్దమ్మాయి ఏ క్లాసు" అని అడిగితే సరిగ్గా చెబుతారు. రికార్డు చేయడానికీ, వాడుకోవడానికీ సంతకం మొదటిరోజే తీసుకోండి.

ముద్రించే ముందు హక్కులు చూసుకోండి. స్కోర్లు, తేదీలు ఎవరైనా వాడుకోవచ్చు. పత్రిక రాసిన వాక్యాలకూ, ఫొటోలకూ హక్కుల గడువు తీరకపోతే అనుమతి కావాలి. పుస్తకంతో పాటు మీ పట్టికలు, స్కాన్‌ల పూర్తి ప్రతిని ఊరి గ్రంథాలయానికి ఇచ్చి, సరిపోలని ఆటల జాబితాను అందులో మొదటి పేజీగా పెట్టండి.