అరటి సాళ్లలో దోస వేసే ముందు: మొజాయిక్ తెగులును గుర్తుపట్టడం

పులివెందుల వైపో, పుట్లూరు వైపో అరటి నాటి, చెట్లు ఎదిగేలోపు సాళ్ల మధ్య దోసో కళింగరో వేద్దామనుకుంటే కాస్త ఆగండి. దోసను పట్టే మొజాయిక్ వైరస్సే అరటినీ పడుతుంది. పేరు దోసదే గానీ అది బతికే మొక్కలు 1,200 జాతులకు పైనే: గుమ్మడి, టమాటా, మిరప, అలసంద, గట్టు మీది కామంచి కూడా.

ముదురాకులు చూసి లాభం లేదు, లేత కొసలు చూడండి. దోసలో ఆకు మీద లేత, ముదురు పచ్చ కలగలిసి, అంచులు కిందికి వంగుతాయి. కణుపులు దగ్గరపడి తీగ గిడసబారుతుంది, కాయ మీద బొడిపెలు లేస్తాయి. మిరపలో ఆకు సన్నబడి మెరుపు పోతుంది. ఆకు పైకి ముడుచుకోవడం ఒక్కటే ఉంటే తామరపురుగు, కిందికైతే నల్లి, వాటికి మందుంది. అరటిలో ఈనెల వెంట పసుపు చారలు, ముదిరితే మొవ్వాకు కుళ్లు. బెండలో ఈనెలు పసుపు రంగుకు మారడం వేరే వైరస్, దాన్ని మోసేది తెల్లదోమ.

టమాటా దగ్గరే ఎక్కువగా పొరబడతారు. ఆకు దారంలా సన్నబడుతుంది, కానీ పక్క చేలో కొట్టిన 2,4-డి కలుపుమందు గాలికి సోకినా దాదాపు అలాగే ఉంటుంది. గట్టు వైపు మొక్కలన్నీ ఒకేసారి మారితే మందు. అక్కడొకటి ఇక్కడొకటి మారితే వైరస్.

మొజాయిక్ వైరస్‌ను మోసేది పేనుబంక. రోగపు మొక్కలో నిమిషంలోపు మూతి పెట్టినా చాలు, వైరస్ అంటుకుంటుంది. పక్క మొక్కకు అంతే త్వరగా ఎక్కుతుంది. మందు తగిలి పురుగు చచ్చేలోపే పని అయిపోతుంది. అందుకే వారానికోసారి పిచికారీ చేసినా తెగులు ఆగదు, డబ్బు దండగ. అయితే మూతి మీది వైరస్ ఎక్కువసేపు నిలవదు. నాటడానికి మూడు వారాల ముందే చేను చుట్టూ 3 వరుసలు జొన్న చల్లితే, పురుగు ముందు అక్కడ మూతి పెట్టి వైరస్‌ను వదిలేస్తుంది. జొన్న పైరుకంటే ఎత్తుగా లేకపోతే ఈ అడ్డు ఉన్నా లేనట్టే.

నారు 40 మెష్ వల (అంగుళానికి 40 కన్నాలుండే సన్న వల) కింద పెంచండి. మల్చింగ్ షీటు వెండి వైపు పైకి పరిస్తే రెక్కల పేనుబంక వాలడానికి వెనకాడుతుంది. తెగులు మొక్కను ఊపకుండా సంచిలోకి పీకి పూడ్చండి. సగం చేనుకు పాకాక మాత్రం పీకడం వృథా.